ఆగని వేలు

చిలక మళ్ళీ వచ్చింది.

స్క్రీను అడుగు నుంచి ఆకుపచ్చ రెక్కలు టపటపలాడించుకుంటూ లేచి, లెక్కకి అడ్డంగా కూర్చుని, "సాయం కావాలా?" అంది. ఆ పిల్ల దానివంక చూడనైనా లేదు. ఒళ్ళో చిత్తు కాగితం పెట్టుకుని, దానిమీద ఒక తొట్టె బొమ్మ గీస్తోంది.

లెక్కల మాస్టారు ఆమె కుర్చీ వెనక నిలబడి చూస్తున్నాడు. ఒక కుళాయి తొట్టెను మూడు గంటల్లో నింపుతుంది, ఇంకొకటి ఆరు గంటల్లో. రెండూ ఒకేసారి తిప్పితే ఎంతసేపట్లో నిండుతుంది? దీనికి పుస్తకంలో ఒక సూత్రం ఉంది. ఆ పిల్లకి సూత్రం గుర్తులేదు. గుర్తులేనిది ఉన్నట్టు నటించడం ఆమెకి చేతకాదు. అందుకని తొట్టెను అడ్డగీతలతో ఆరు వాటాలు చేసింది. మొదటి కుళాయికి గంటకి రెండు వాటాలు, రెండోదానికి ఒకటి. పెన్సిలు మొనతో ఒక్కొక్క వాటాలోనూ సన్నగా నీళ్ళు నింపుకుంటూ వస్తోంది, తొందరపడితే ఎక్కడ ఒలికిపోతాయో అన్నట్టు.

మూడు వాటాలు నిండాయి. పెదవులు కదిలాయి. చూపుడువేలు పైకి లేచింది.

"ఇదిగో జవాబు!" అని చిలక 'రెండు గంటలు' అన్న గడి మీద గంతేసింది. లెక్క మాయమైపోయింది. మూలనున్న చిన్న దీపం పసుపు నుంచి ఎరుపుకి తిరిగింది.

పిల్ల వేలు గాలిలోనే ఉండిపోయింది. ఆమె దాన్ని కాసేపు చూసుకుని, మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"నీకు వచ్చిందా?" అన్నాడు మాస్టారు వంగి.

"వచ్చింది సార్. రెండే. నేను నొక్కేలోపు అదే చెప్పేసింది." ఒక్క క్షణం ఆలోచించి, "దానికి కాస్త తొందరెక్కువ సార్," అంది. చాడీ చెబుతున్నట్టు కాదు, ఇంట్లో ఒకరి స్వభావం గురించి సర్దిచెబుతున్నట్టు.

"నిదానం మళ్ళీ మునిగిందిరోయ్!" అన్నాడు పక్క కుర్చీలోవాడు. వాడిని అందరూ రాకెట్ అంటారు. ఈ పిల్లకి 'నిదానం' అని పేరు పెట్టింది కూడా వాడే. వాడి ముందు ఇప్పుడు వేరే లెక్క ఉంది. వాడు దాన్ని చదవలేదు. మొదటి గడి నొక్కాడు, తప్పు. రెండోది, తప్పు. మూడోది, ఒప్పు. చిలక ఈల వేసి 'శభాష్' అంది. వాడి దీపం ఆకుపచ్చగా వెలిగింది.

"ఎలా వచ్చిందిరా?" అన్నాడు మాస్టారు.

"వచ్చేసింది సార్," అన్నాడు రాకెట్ ఎంతో నిజాయితీగా.

మాస్టారు నవ్వాడు. నవ్వక ఏంచేస్తాడు? వరసలు దాటుకుంటూ ముందుకి నడిచాడు. పొడవాటి గది, దించిన తెరలు, చెవులకి తొడుగులు పెట్టుకున్న పిల్లలు, ఎవరి వెలుగులో వాళ్ళు. ఈ ఏడు మొదలైనప్పటి నుంచి వారంలో నాలుగు రోజులు లెక్కలు చెప్పేది చిలకే. సోమవారం ఒక్కరోజు మాత్రం మాస్టారికి నల్లబల్ల, సుద్దముక్క. మిగతా రోజులు ఆయన పని చెవి తొడుగులు పంచడం, వైర్లు ఊడితే గుచ్చడం, నిద్రపోయేవాణ్ణి తట్టడం. స్టాఫ్‌రూములో డ్రాయింగ్ మాస్టారు ఆయనకి 'వాచ్‌మన్‌గారు' అని పేరు పెట్టాడు. "పోనీ, యూనిఫారం ఇప్పిస్తారా?" అని ఈయనే నవ్వేసి ఊరుకున్నాడు.

అలాగని ఆయనకి చిలక మీద పగేమీ లేదు. చివరి వరసలో కూర్చునే నత్తి కుర్రాడు నిరుడంతా క్లాసులో నోరు తెరవలేదు. తెరిస్తే నవ్వుతారని భయం. చిలక నవ్వదు. వందసార్లు తప్పుచేసినా విసుక్కోదు. ఆ కుర్రాడు ఇప్పుడు భిన్నాలు అవలీలగా చేసేస్తున్నాడు. వాడి దీపం ఆకుపచ్చగా వెలిగినప్పుడల్లా మాస్టారు ఆ వరసలో ఒక్క నిమిషం ఊరికే నిలబడతాడు, ఎండలో నడిచేవాడు నీడ దగ్గర ఆగినట్టు.

కానీ నిదానం దీపం వారం పది రోజులుగా రోజూ ఎరుపు దగ్గరే ఆగుతోంది. శుక్రవారం సాయంత్రానికి ఎవరి దీపం ఎర్రగా ఉంటే వాళ్ళు సోమవారం నుంచి మేడమీది గదికి వెళ్ళాలి. దాని పేరు పునాది సెక్షను. అక్కడ నిరుటి పాఠాలే మళ్ళీ మొదటినుంచి చెబుతారు. ఈ ఏడాది పెద్ద పరీక్షకి ఆ గదివాళ్ళని పంపరు. అంటే ఏడాది పోయినట్టే. ఆ గదిలోకి ఎక్కినవాళ్ళు ఇంతవరకు కిందికి దిగలేదు, బడి మానేసి ఇంటికి వెళ్ళిపోయినప్పుడు తప్ప.

*

మంగళవారం మధ్యాహ్నం మాస్టారు ఆ తొట్టె బొమ్మ కాగితం పట్టుకుని హెడ్‌మిస్ట్రెస్ గదికి వెళ్ళాడు.

ఆవిడ కాగితాన్ని కళ్ళజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూసింది. "బాగుంది," అంది. నిజంగానే అంది. "అయితే?"

"ఈ పిల్లకి కాగితం మీద పరీక్ష పెడదాం మేడమ్. మీ ఎదురుగానే. గంటసేపు ఇవ్వండి చాలు."

"ఈ ఒక్క పిల్లకేనా?"

మాస్టారు కాగితం మీది తొట్టెను వేలితో చూపించాడు.

"మీరు దిద్ది ఇస్తే, మాస్టారుగారి అభిమానం అంటారు. నిరుడు ఇదే గదిలో ఒక తండ్రి బల్ల గుద్ది మరీ అన్నాడు, మా అబ్బాయికి కావాలని తక్కువేశారని. మర్చిపోయారా? ఇప్పుడు ఎవరైనా ఆ మాట అంటున్నారా? మెషీన్ చెప్పింది అంటే ఎంతటివాడూ నోరెత్తడు. నాకూ ప్రాణం హాయిగా ఉంది." ఆవిడ కాగితాన్ని జాగ్రత్తగా మడతమీదే మడిచి ఇచ్చింది. "బొమ్మ మాత్రం చాలా బాగుంది మాస్టారూ. దాచండి."

సాయంత్రం ఆయన ఆ పిల్ల తల్లి దగ్గరికి వెళ్ళాడు. రెండు కొట్ల మధ్య సందులో, మెట్ల కింద ఆవిడ కుట్టుమిషను. కొత్త బట్టలు కుట్టదు. వదులైనవి బిగిస్తుంది, బిగుతైనవి వదులు చేస్తుంది. మాస్టారు వెళ్ళేసరికి ఎవరిదో ప్యాంటు నడుము విప్పుతోంది. బ్లేడు మొనతో ఒక దారం తెంపడం, వేలితో నెమ్మదిగా లాగడం, మళ్ళీ ఒక దారం. మాస్టార్ని చూసి గబుక్కున లేచి స్టూలు తుడిచింది.

"ఏం సార్, ఏమన్నా అల్లరి చేసిందా?" అంది, అలా జరగదని తెలిసినా.

"అల్లరి చేస్తే బాగానే ఉండేదమ్మా." ఎలా చెప్పాలో ఆయనకి తెలియలేదు. చెప్పాడు.

ఆవిడ విని కాసేపు దారం లాగుతూనే ఉంది. "మా పిల్లకి బుర్ర తక్కువా సార్?"

"కాదమ్మా. ఎక్కువే."

"మరెందుకు పైకి పంపేస్తున్నారు?"

"అది చేసే లెక్క మెషీన్‌కి కనపడదు. చెయ్యి కదపకపోతే ఊరికే కూర్చుందనుకుంటుంది."

"మీరు చూశారు కదా. మీరు చెప్పండి దానికి."

"నేను చెబితే వినేది కాదమ్మా అది."

"మనుషులు చెబితే వినకపోతే మరెవరు చెబితే వింటుందట?" ఆవిడకి కోపం వచ్చింది. వెంటనే అది మాస్టారి మీదికి పోతోందని గమనించి గొంతు తగ్గించింది. "మా పిల్ల మేనమామ కూడా ఇంతే సార్. పెళ్ళిచూపులకి వెళ్ళి, పిల్ల నచ్చిందో లేదో చెప్పడానికి నెల తీసుకున్నాడు. ఈలోపు ఆ పిల్లకి ఇంకెవరితోనో పెళ్ళయిపోయింది." నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. "దీని ఏడాది పోతే వాళ్ళ నాన్న ఊరుకోడు సార్. ఇక చదువెందుకు, నీ పక్కనే ఇంకో మిషను వేసుకుని కూర్చోబెట్టు అంటాడు. అన్నాడు కూడా. మీరు ఎలాగోలా దాన్ని గట్టెక్కించండి. మీ కాళ్ళు..."

"వద్దమ్మా, ఆ మాటనకు," అన్నాడు మాస్టారు లేచి నిలబడుతూ.

*

ఇంట్లో అక్కయ్య డాబా మీద బట్టలు తీస్తోంది. ఆయన భార్య పోయాక, 'నాలుగు రోజులుండి వెళ్తాను' అని వచ్చిన మనిషి, ఆ నాలుగు రోజులూ ఇంకా అవలేదు. మాస్టారు క్లిప్పులు తీసి బుట్టలో వేస్తూ సంగతంతా చెప్పాడు.

"ఇంతకీ ఆ మాయదారి చిలకకి ఏం కావాలిట?"

"వేలు కదలాలి. ఆగకూడదు."

"అయితే కదపమను."

"తెలియకుండా కదపదు అక్కయ్యా ఆ పిల్ల. అదే దాని గొప్ప."

"గొప్పా!" అక్కయ్య దుప్పటి ఒక కొస ఆయన చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని దూరం జరిగింది. ఇద్దరూ లాగి మడతపెట్టారు. "ఏ ఎండకా గొడుగు పట్టాలిరా తమ్ముడూ. ముందు పిల్లని ఏరు దాటించు. బుద్ధులు ఆ గట్టుమీద చెప్పుకోవచ్చు. నువ్వు పాతికేళ్ళుగా 'ఆగు, చూడు, అప్పుడు రాయి' అని ఎంతమందికి చెప్పలేదు? ఈ ఒక్కదానికి 'ఆగకు' అని చెప్పలేవూ?"

మాస్టారు దుప్పటి మడత మీద చేయి వేసి నిలబడిపోయాడు.

"చెప్పలేవేం? నోరు లేదా?" అంది అక్కయ్య, బుట్ట నడుముకి ఆనించుకుని దిగిపోతూ.

బుధవారం పొద్దున్న, చిలకని పెట్టిన కంపెనీ నుంచి వచ్చిన అమ్మాయి ల్యాబులో స్క్రీన్లు తుడుస్తూ, ఒక్కొక్కటీ వెలిగించి చూస్తోంది. నెలకోసారి వస్తుంది. మర్యాదస్తురాలు. వెళ్ళేటప్పుడు తను జరిపిన కుర్చీలన్నీ మళ్ళీ లోపలికి నెట్టి వెళ్తుంది.

"అమ్మాయ్, ఆ చిలక ఇంకొంచెం ఆలస్యంగా వచ్చేలా చెయ్యలేమా?" అన్నాడు మాస్టారు.

"మన చేతిలో లేదు సార్. అన్ని స్కూళ్ళకీ ఒకటే. పిల్ల ఆగిందంటే దానికి బెంగ, అర్థంకాలేదేమోనని." గుడ్డ తడిపి పిండింది. "తప్పు నొక్కినా మార్కులు అంత తగ్గించదు సార్. వెంటనే ఇంకోటి నొక్కి సరిచేసుకుంటే తగ్గించింది మళ్ళీ ఇచ్చేస్తుంది కూడా. ఆగితేనే ఎక్కువ కోస్తుంది. మా చెల్లెలు కూడా ఇదే మెషీన్ మీద చదువుతోంది. దానికీ అదే చెప్పాను."

"ఏం చెప్పావు?"

ఆ అమ్మాయి స్క్రీను మీద మచ్చని గోటితో గీకుతూ ఉండిపోయింది. "ఊరికే ఏదో ఒకటి నొక్కుతూ ఉండవే అని," అంది.

*

ఆ సాయంత్రం బడి వదిలాక మాస్టారు నిదానాన్ని ల్యాబులో ఉండమన్నాడు. తలుపు బార్లా తెరిచిపెట్టి, తను పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆమె అలవాటుగా సంచిలోంచి చిత్తు కాగితం తీసింది.

"అది లోపల పెట్టెయ్ తల్లీ."

"కాగితం లేకుండానా సార్?"

"లేకుండానే. ఇదొక ఆట అనుకో. లెక్క రాగానే ఏదో ఒకటి నొక్కాలి."

"ఏది?"

"ఏదైనా."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. మాస్టారికి ఒంట్లో బాగాలేదేమో అన్నట్టు చూసింది. "తెలియకుండా ఎలా నొక్కను సార్?"

ఆయన స్క్రీను వెలిగించాడు. లెక్క వచ్చింది. ఆమె చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. చిలక రెక్కలు కదిలాయి. మాస్టారు ఆమె భుజం మీదుగా చేయి చాచి తనే ఒక గడి నొక్కాడు. తప్పు. వెంటనే ఇంకొకటి. ఒప్పు. చిలక ఈల వేసింది.

"చూశావా?"

"కానీ అది ఎందుకు ఒప్పయిందో మనకి తెలియదు కదా సార్?"

"తర్వాత తెలుసుకుందాం."

"తర్వాత లెక్క ఉండదు కదా. వెళ్ళిపోతుంది."

"నేనుంటాగా," అన్నాడు. ఆ మాట అనడం తేలికగానే ఉంది. "ఇప్పుడు నువ్వు."

వేలు లేచింది. గడి దగ్గరికి వెళ్ళి, తాకకుండా ఆగింది. కళ్ళు గట్టిగా మూసుకుని నొక్కింది. తప్పు. ఆమె ఒళ్ళంతా ముడుచుకుపోయింది.

"తప్పయితే పరవాలేదు. ఆగకూడదు, అంతే. ఇంకోటి. ఊఁ, ఇంకోటి."

పాతికేళ్ళలో తన నోటివెంట రాని మాట. మొదటిసారి పరాయి గొంతులా వినిపించింది. పదోసారికి అలవాటయింది. గురువారం సాయంత్రానికి ఆమె కళ్ళు మూసుకోవడం మానేసింది. చిత్తు కాగితం అడగడం కూడా మానేసింది. ఒకసారి వరసగా మూడు ఒప్పులు పడ్డాయి. కిసుక్కున నవ్వింది. ఆమె నవ్వగా మాస్టారు అంతకుముందు వినలేదు. పల్చగా, మూత తీసిన సీసాలాంటి నవ్వు. దానికి ఆయన మురిసిపోయాడు కూడా.

శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో నిదానం దీపం ఆకుపచ్చగా వెలిగింది.

"ఓర్నీ!" అన్నాడు రాకెట్. "నిదానం ఎగిరిందిరోయ్!" లేచి చప్పట్లు కొట్టాడు. వాడిది మంచి మనసే. వాడిని చూసి వరసంతా కొట్టింది. హెడ్‌మిస్ట్రెస్ గుమ్మంలోంచి తొంగిచూసి, మాస్టారితో కళ్ళతోనే 'చూశారా?' అంది. ఆ పిల్ల తలొంచుకుని కూర్చుంది, చెవులు ఎర్రబడి. ఆమె కోసం ఎవరైనా చప్పట్లు కొట్టడం ఇదే మొదలు.

సాయంత్రం తల్లి గేటు దగ్గర నిలబడి ఉంది. ఒక చేతిగుడ్డ మాస్టారి చేతిలో పెట్టింది. నాలుగువైపులా అంచు కుట్టినది. కుట్టు ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియడంలేదు.

శనివారం ల్యాబు ఒంటిపూట తెరిచి ఉంటుంది, కావలసినవాళ్ళకి. అందరికంటే ముందు వచ్చింది నిదానమే. మాస్టారు దూరంనుంచి చూశాడు. నిటారుగా కూర్చుని, రెండు చేతులూ వాడుతోంది. స్క్రీను మీద చినుకుల్లా పడుతున్నాయి వేళ్ళు. చిలక ఒక్కసారి కూడా రాలేదు.

*

సోమవారం. నల్లబల్ల రోజు.

మాస్టారు వారమంతా దీనికోసమే ఎదురుచూశాడు. ఏరు దాటించాడు, ఇక గట్టుమీద చెప్పవలసింది చెప్పాలి. బల్లని తడిగుడ్డతో తుడిచి, ఆరేదాకా ఆగి, పెద్ద అక్షరాలతో రాశాడు. నలుగురు పనివాళ్ళు ఒక గోడని ఆరు రోజుల్లో కడతారు. ముగ్గురే వస్తే ఎన్ని రోజులు పడుతుంది?

"తొందరేమీ లేదు. పీరియడంతా మనదే. బొమ్మలు గీసుకోండి, చేతివేళ్ళు లెక్కపెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు."

చెప్పి, మొదటి బెంచీలో ఉన్న నిదానం వంక చూశాడు. గోడని ఎన్ని వాటాలు చేస్తుందో చూడాలని ఆయనకి ఆత్రంగా ఉంది. రోజుకి నాలుగు చొప్పున ఇరవైనాలుగు ఇటుకలు గీస్తుందా? లేక తనకి తోచని దారి ఏదైనా పడుతుందా?

"నాలుగున్నర," అంది నిదానం.

మాస్టారు కనుబొమలు ముడిపడ్డాయి.

"అయిదు," అంది వెంటనే. "కాదు, ఏడు. ఎనిమిది..."

ఆయన ఏమీ అనలేదు. తల ఊపలేదు. కానీ కనుబొమలు వదులయ్యాయి కాబోలు.

"ఎనిమిది!" అంది ఆమె గట్టిగా, మొహమంతా వెలిగిపోతూ. వెనక ఎవరో 'శభాష్' అని ఈల వేశారు. క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది.

"ఎలా వచ్చింది తల్లీ?" అన్నాడు మాస్టారు.

"ఎనిమిదే కదా సార్?"

"ఎనిమిదే. ఎలా?"

ఆమెకి ప్రశ్న అర్థంకాలేదు. ఆయన మొహాన్ని మళ్ళీ వెతికింది, కళ్ళు, నుదురు, మూతి. ఒక్కొక్కచోట ఆగి, అక్కడ ఏమీ దొరక్క, పక్కకి జరిగి. ఆ చూపు ఎక్కడిదో మాస్టారికి తెలుసు. బుధవారం, గురువారం సాయంత్రాలు తను పక్కన కూర్చుని నేర్పినదే. ఆమె ముందున్న కాగితం మీద ఒక్క గీత కూడా లేదు. పెన్సిలు పెట్టెలోంచి బయటికే రాలేదు.

"సరే," అన్నాడు. "ఇంకో లెక్క."

సుద్దముక్క తీసుకున్నాడు. అదే గోడ. మొదటి మూడు రోజులు నలుగురూ పనిచేశారు. నాలుగోరోజు ఒకడికి జ్వరం వచ్చి మానేశాడు. మిగిలిన గోడ కట్టడానికి ముగ్గురికి ఇంకా ఎన్ని రోజులు? రాసి, ఈసారి పిల్లలవైపు తిరగలేదు. బల్లకి ఎదురుగా, క్లాసుకి వీపుపెట్టి, అలాగే నిలబడ్డాడు.

"మూడు," అంది నిదానం వెనకనుంచి. ఆయన కదల్లేదు. "ఆరు." కదల్లేదు. "నాలుగు, అయిదు సార్?"

జవాబు నాలుగే. అక్కడ ఆమె ఒక్క క్షణం కూడా ఆగలేదు.

గది నెమ్మదిగా సద్దుమణిగింది. ఎక్కడో పెట్టె మూత తీసిన చప్పుడు. చివరి వరసనుంచి కాబోలు, పెన్సిలు కాగితం మీద గీరుకుంటోంది. నత్తి కుర్రాడు అయి ఉంటాడు. తర్వాత కిటికీ పక్కన ఇంకొకటి. మధ్యలో ఇంకొకటి. రాకెట్ కూడా ఏదో గొణుక్కుంటూ కాగితం చింపుతున్నాడు. ఒక్కొక్క చప్పుడూ ఎవరిదో పోల్చుకుంటూ, మాస్టారు చెవులు రిక్కించి మొదటి బెంచీ కోసం వెతికాడు. వేళ్ళ మధ్య సుద్ద పొడి రాలుతోంది.

మొదటి బెంచీలో ఏ చప్పుడూ లేదు. చాలాసేపు లేదు. అప్పుడు, చాలా మర్యాదగా, దగ్గరగా, చిన్నగొంతు వినిపించింది.

"సార్... ఒక్కసారి ఇటు తిరగరూ?"